రోజుకు పది డాలర్ల పడవ

మాది మెట్ట ఊరు. సముద్రం నేను మొదటిసారి చూసింది డిగ్రీలో చేరిన తర్వాతే. చేపలంటే వేసవిలో చెరువు అడుగంటినప్పుడు ఊరంతా బురదలో దిగి పట్టుకునే కొర్రమీనులు, వాలుగలు, జెల్లలు. అంతే మాకు తెలిసింది. అటువంటిది, సెలవులు గడపడానికి డబ్బిచ్చి పడవ కిరాయికి తీసుకుని, నడిసముద్రంలోకి పోయి, మనిషికి మూడింతల బరువున్న చేపతో కుర్చీలో కూర్చుని పెనుగులాడి, చివరికి దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకుని వచ్చే సరదా ఒకటి లోకంలో ఉందని తెలిసేసరికి, దాచుకోవడం ఎందుకు, నాకు ఒళ్ళు మండింది. ఒకడికి కూడు పెట్టే పని ఇంకొకడికి ఆట ఎలా అవుతుంది? ఆ కోపంతోనే ఎర్నెస్ట్ హెమింగ్వే జీవితం చదవడం మొదలుపెట్టాను. ఫిజిక్సు రికార్డు పూర్తి చేయనివాడికి ఇంగ్లీషు నవలాకారుడితో ఏం పని అని హాస్టల్లో నవ్వారు. కానీ చదివినకొద్దీ నన్ను వేధించిన ప్రశ్న ఆయన్నీ వదిలిపెట్టలేదని తోచింది. అందుకే ఈ నాలుగు పేజీలు.

హెమింగ్వే 1899 జులై 21న అమెరికాలో, చికాగో పక్కనున్న ఓక్ పార్క్‌లో పుట్టాడు. తండ్రి క్లారెన్స్ డాక్టరు. ఎండాకాలం రాగానే కుటుంబమంతా మిషిగన్ రాష్ట్రంలో వాలూన్ సరస్సు ఒడ్డున ఉన్న తమ కుటీరానికి తరలిపోయేది. గాలం వేయడం, తుపాకి పట్టడం, చెట్టునూ పిట్టనూ గుర్తుపట్టడం తండ్రి అక్కడే నేర్పాడు. చదువు హైస్కూలుతో ఆగింది. పద్దెనిమిదేళ్ళకే కాన్సాస్ సిటీలో పత్రికా విలేఖరి. 1918లో రెడ్ క్రాస్ అంబులెన్సు డ్రైవరుగా ఇటలీ యుద్ధరంగానికి పోయి, జులై 8 రాత్రి ఫిరంగి గుండు పేలి, కాళ్ళ నిండా రెండు వందలకు పైగా ఇనప ముక్కలతో ఆస్పత్రి పాలయ్యాడు. తర్వాత పెళ్ళి, 1921 చివర పారిస్ కాపురం, 1926లో పేరు తెచ్చిన నవల, విడాకులు, రెండో పెళ్ళి. ఇదంతా ఇంగ్లీషు లెక్చరర్లు నాకంటే బాగా చెప్పగలరు కనుక నేను నేరుగా 1928కి వస్తాను.

ఆ ఏప్రిల్‌లో ఆయన రెండో భార్య పాలీన్‌తో కలిసి ఫ్లోరిడా దక్షిణపు కొసన ఉన్న కీ వెస్ట్ అనే చిన్న దీవిలో దిగాడు. అక్కడ ఉండిపోవాలని కాదు. భార్య చిన్నాన్న కానుకగా ఇస్తానన్న ఫోర్డు కారు రావలసి ఉంది. అది ఆలస్యమైంది. కారు వచ్చేదాకా పొద్దున పూట నవల రాసుకోవడం, మధ్యాహ్నం వంతెనల మీదా ఒడ్డునా గాలం వేయడం. కారు వచ్చింది కానీ అప్పటికే మనిషి ఆ నీళ్ళకు అతుక్కుపోయాడు. మళ్ళీ మళ్ళీ వచ్చాడు, చివరికి ఇల్లు కొన్నాడు. ఒక కారు ఆలస్యంగా రావడం వల్ల ప్రపంచ సాహిత్యానికి ఏం ఒరిగిందో లెక్క కట్టడం మా స్టాటిస్టిక్సు మాస్టారి వల్ల కూడా కాదు!

కీ వెస్ట్‌లో చాలామందికి చేపే బతుకు. మార్కెట్టుకు చేప పట్టేవాళ్ళు కొందరు. ఉత్తరాది నుంచి సెలవులకు వచ్చే డబ్బున్నవాళ్ళను సముద్రంలోకి తీసుకుపోయేవాళ్ళు కొందరు. ఈ రెండో రకాన్ని చార్టర్ బోట్లు అంటారు. మన ఊళ్ళల్లో ట్రాక్టరు కిరాయి లాంటిదే ఇది. పడవ, ఇంజను, సరంగు, ఎర, గాలపు కర్రలు, రీళ్ళు అన్నీ పడవ యజమానివి. కొట్టేవాడు కొడతాడు, పొలం గలవాడు గట్టుమీద నిలబడతాడు. ఇక్కడ మాత్రం తేడా ఏమిటంటే కిరాయిదారు చేతికే పరికరం ఇస్తారు. కానీ ఎక్కడ చేప ఉంటుందో, గాలి ఎటు తిరుగుతుందో, నీటి రంగు మారితే అర్థమేమిటో తెలిసినవాడు సరంగు ఒక్కడే. చేప పడినా పడకపోయినా రోజు కిరాయి రోజుకు ఇచ్చుకోవాలి. పడితే మాత్రం పేరు కిరాయిదారుది.

హెమింగ్వేకు దొరికిన సరంగు జో రసెల్. అమెరికాలో 1933 దాకా మద్యనిషేధం ఉండేది. రసెల్ తన అనీటా అనే పడవలో క్యూబా నుంచి దొంగతనంగా సారా తెచ్చేవాడు, తీరిక ఉన్నప్పుడు కిరాయికి తిప్పేవాడు. కీ వెస్ట్ నుంచి హవానా నగరం సుమారు 90 మైళ్ళే. 1932 ఏప్రిల్‌లో హెమింగ్వే ఆ పడవ మాట్లాడుకుని, మార్లిన్ చేపల కోసం క్యూబాకు బయల్దేరాడు. కిరాయి రోజుకు పది డాలర్లు. అనుకున్నది రెండు వారాల సెలవు. తిరిగి ఇల్లు చేరేసరికి రెండు నెలలు దాటింది.

ఆ రెండు నెలలే నాకు ఈ జీవితంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. హవానా రేవు దాటి మైలు దూరం పోయేసరికే సముద్రం లోతు అమాంతం పెరుగుతుంది. అక్కడ గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని ప్రవాహం సముద్రంలోనే ఒక నదిలాగా తూర్పుదిక్కుగా పారుతుంది. నీళ్ళు ముదురు నీలం. ఎదురుగా తూర్పుగాలి వీస్తుంది. గాలి ఒకవైపు, నీరు ఒకవైపు పోవడంతో కెరటాలు నిటారుగా లేస్తాయి. మార్లిన్‌లు ఆ ప్రవాహానికి ఎదురు ఈదుతూ పడమటికి పోతాయని అక్కడి జాలర్లకు తరతరాలుగా తెలుసు. మార్లిన్ అంటే మనకు తెలియనిదేమీ కాదు. పై దవడ బల్లెంలాగా పొడుచుకువచ్చిన ఈ జాతి చేపలను మన విశాఖ తీరంలో కొమ్ముకోనాం అంటారు.

ఆయనకు ఈ విద్య నేర్పినవాడు కార్లోస్ గుటియెరెస్ అనే క్యూబా జాలరి. కర్రా రీలూ లేకుండా చేతితాడుతో మార్లిన్లను పట్టి అమ్మి బతికినవాడు. ఎరను ఏ లోతుకు దింపాలి, చేప ముందు కొమ్ముతో కొట్టి తర్వాత నోటబట్టేదాకా ఎలా ఓపికపట్టాలి, తాడు ఎంత వదిలి ఎప్పుడు బిగించాలి, ఇవన్నీ ఆయన దగ్గర హెమింగ్వే పలక పట్టిన పిల్లవాడిలాగా నేర్చుకున్నాడు. అప్పటికే ప్రపంచంలో పేరున్న రచయిత. మరుసటి ఏడాది అదే అనీటాలో మళ్ళీ వెళ్ళి యాభైకి పైగా మార్లిన్లు పట్టాడు. అందులో ఒకటి 468 పౌండ్లు, అంటే 212 కిలోలు. ఈ ప్రయాణాల్లో రోజువారీ చిట్టా రాసేవాడు. బయల్దేరిన వేళ, గాలి, ప్రవాహం, కనిపించిన చేపలు, తప్పిపోయినవి, పడ్డవి, కొలతలు. మేము ల్యాబులో వేసే పట్టికలకూ దానికీ పెద్ద తేడా లేదు, మావి ఒక్కోసారి పక్కవాడి రికార్డులోంచి దిగుతాయన్నది తప్ప.

ఇక్కడ మీరొకటి గమనించాలి. ఈ ప్రయాణాల నుంచి ఆయన రాసిన పెద్ద కథలో నాయకుడు కిరాయిదారు కాదు, సరంగు. 1934లో కథగా వచ్చి, 1937లో నవలలో మొదటి భాగమైన ఆ కథలో హ్యారీ మోర్గన్ అనే పడవవాణ్ణి జాన్సన్ అనే ధనికుడు చాలా రోజులకు కిరాయికి పెట్టుకుంటాడు. చేప పడినప్పుడు చెప్పినమాట వినక, ఖరీదైన కర్రనూ రీలునూ సముద్రం పాలుచేస్తాడు. మర్నాడు లెక్క చూసి ఇస్తానని చెప్పి, పైసా చెల్లించకుండా విమానమెక్కి పోతాడు. చేతిలో చిల్లిగవ్వ లేక, ఇంట్లో పెళ్ళాం పిల్లల ముఖం చూడలేక, హ్యారీ దొంగరవాణాకు దిగుతాడు. అక్కడినుంచి మనిషి పతనం. హ్యారీకి మాతృక జో రసెల్ అని అందరూ అంటారు. జాన్సన్ కూర్చున్న ఆ కుర్చీలో నిజజీవితంలో కూర్చున్నది హెమింగ్వేనే కదా! ఆయన కిరాయి ఎగ్గొట్టలేదు, రసెల్‌తో స్నేహం చచ్చేదాకా ఉంది. అయినా కథ రాసేటప్పుడు తన కుర్చీ వదిలి చుక్కాని దగ్గరికి పోయి నిలబడ్డాడు. మా ఇంట్లో కౌలు లెక్కలు తేలని సంవత్సరాలు చూసినవాణ్ణి కనుక, ఆ విమానం ఎగిరిపోయే ఘట్టం చదివినప్పుడు నాకు ముద్ద దిగలేదు.

1934లో ఆయన సొంత పడవ కొన్నాడు. బ్రూక్లిన్‌లోని వీలర్ కర్మాగారంలో చేయించిన 38 అడుగుల పడవ, ఖరీదు 7,495 డాలర్లు. నల్లటి పొట్టు, పెద్ద ఇంజను 75 అశ్వశక్తి, గాలం వేసేటప్పుడు మెల్లగా పోవడానికి 40 అశ్వశక్తి గల చిన్న ఇంజను ఇంకొకటి. పెద్ద చేపను లోపలికి లాగడానికి వెనక చెక్కను కిందికి దించి రోలరు పెట్టించాడు. పేరు పిలార్. కొనడానికి డబ్బు కొంత ఒక పత్రికలో రాయబోయే వ్యాసాలకు అడ్వాన్సుగా తెచ్చాడు. అంటే ఇంకా రాయని మాటలను తాకట్టు పెట్టాడన్నమాట.

ఆ వేసవిలోనే ఫిలడెల్ఫియాలోని ప్రకృతిశాస్త్ర అకాడమీ డైరెక్టరు కాడ్‌వాలడర్, అక్కడి మత్స్యశాస్త్రజ్ఞుడు హెన్రీ ఫౌలర్ హవానాకు వచ్చి పిలార్ మీద ప్రయాణం చేశారు. కారణం ఉంది. మార్లిన్లు ఎన్ని జాతులు, ఏది ఏ జాతి అన్నది అప్పటికి శాస్త్రజ్ఞులకే గందరగోళం. ఇంత పెద్ద చేపలను మ్యూజియం సీసాల్లో పెట్టడం కుదరదు కదా. పట్టేవాడి దగ్గరకు పోయి తాజాగా కొలవవలసిందే. తెల్ల, చారల, నీలి, నల్ల మార్లిన్లు అన్నీ ఒకే జాతి అనీ, వయసునుబట్టి, ఆడా మగా తేడానుబట్టి రంగు మారుతుందనీ హెమింగ్వే ఊహ. అది తప్పు. తెల్లదీ నీలిదీ వేరువేరు జాతులని ఇప్పుడు తెలుసు. కానీ మరీ పెద్దవన్నీ ఆడచేపలే అన్న ఆయన గమనిక మాత్రం నిలబడింది. ఆ కొలతలు ఫౌలర్ వర్గీకరణకు అక్కరకొచ్చాయి. 1935లో ఫౌలర్ ఒక కొత్త చేపకు నియోమెరింతి హెమింగ్వేయి అని పేరు పెట్టాడు. అది మార్లిన్ లాంటి మహామీనం కాదు. ముళ్ళతో నిండిన తేలుచేప జాతిది. ఆయన స్వభావం తెలిసినవాళ్ళు ఆ పేరు సరిపోయిందని నవ్వుకుని ఉంటారు.

స్వభావం గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. గొప్పలు చెప్పుకునేవాడు, ఓర్వలేనివాడు, స్నేహితులతో తగవులు పెట్టుకునేవాడు. 1935 ఏప్రిల్‌లో బహమా దీవుల్లోని బిమినీకి పోతుంటే పడవ పక్కకు లాగిన సొరచేప మీద పిస్తోలు పేల్చబోయాడు. తూటా ఇత్తడి కమ్మీకి తగిలి చిట్లి తన రెండు కాళ్ళలోనే దిగింది. ప్రయాణం ఆపి వెనక్కి రావలసి వచ్చింది. అదే ఏడాది బిమినీలో మైక్ స్ట్రేటర్ అనే చిత్రకారుడు, ఆయన స్నేహితుడు, ఒక బ్రహ్మాండమైన మార్లిన్‌తో పోరాడి దాదాపు పడవ దగ్గరికి తెచ్చాడు. సొరచేపలు కనబడ్డాయి. హెమింగ్వే తుపాకి తీసుకుని వాటిమీద గుళ్ళ వర్షం కురిపించాడు. సొరచేప రక్తం నీళ్ళలో కలవగానే ఇంకా సొరచేపలు మూగాయి. అవన్నీ కలిసి మార్లిన్‌ను సగం దాకా తినేశాయి. మిగిలిన సగమే 500 పౌండ్లు తూగింది. స్నేహితుడి చేపను తనే చెడగొట్టానని ఒప్పుకునే మనసు ఆయనకు రాలేదు. స్ట్రేటర్ కూడా మరిచిపోలేదు. ఆ సగం చేప సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

అదే 1935 సెప్టెంబరు 2న ఫ్లోరిడా దీవుల మీద పెనుతుఫాను విరుచుకుపడింది. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడి, తర్వాత పనిలేక తిరుగుతున్న మాజీ సైనికులను ప్రభుత్వం రోడ్డు పనులకని అక్కడ తాత్కాలిక శిబిరాల్లో ఉంచింది. వాళ్ళను తరలించడానికి పంపిన రైలు సమయానికి అందలేదు. రెండు వందల యాభైమందికి పైగా మాజీ సైనికులు ఆ ఉప్పెనలో కొట్టుకుపోయారు. స్థానికులతో కలిపి చనిపోయినవాళ్ళు నాలుగు వందలు దాటారు. 1977 దివిసీమ ఉప్పెన సంగతులు పెద్దల నోట విన్నవాళ్ళకు ఆ దృశ్యం వేరే వర్ణించనక్కర్లేదు. హెమింగ్వే తుఫాను ముందు తన పిలార్‌ను రేవులో మోకులతో బిగించుకుని కాపాడుకున్నాడు. గాలి తగ్గాక సాయం పట్టుకుని ఆ దీవులకు పోయాడు. మడచెట్ల మధ్య ఇరుక్కున్న శవాలను కళ్ళారా చూశాడు. తిరిగివచ్చి ఒక వామపక్ష పత్రికలో నిప్పులు కక్కే వ్యాసం రాశాడు. తుఫాను నెలల్లో ధనవంతులెవరూ చేపలవేటకు తమ నౌకలను ఇటు తీసుకురారు, నౌక పాడవుతుందని వాళ్ళకు తెలుసు. మరి ఈ బీదవాళ్ళను ఆ నెలల్లో ఇక్కడ ఎవరు ఉంచారు అన్నది ఆయన ప్రశ్న సారాంశం. సెలవుల సముద్రానికీ బతుకు సముద్రానికీ మధ్య గీత ఆయనకు అంత స్పష్టంగా ఎప్పుడూ కనిపించలేదనుకుంటాను.

తర్వాతి ఏడాది, 1936లో, గల్ఫ్ స్ట్రీమ్ గురించిన ఒక పత్రికా వ్యాసంలో ఒక చిన్న సంఘటన రాశాడు. మొత్తం ఒక్క పేరా. ఒక ముసలి జాలరి ఒంటరిగా చిన్న పడవలో పోయాడు. చేతితాడుకు పెద్ద మార్లిన్ పడింది. అది పడవను సముద్రంలోకి ఈడ్చుకుపోయింది. రెండు రోజుల తర్వాత అరవై మైళ్ళ దూరాన వేరే జాలర్లకు అతను కనిపించాడు. చేప తల, ముందు భాగం మాత్రం పడవకు కట్టి ఉన్నాయి. మిగతాది సొరచేపలు తిన్నాయి. ఉన్న సగమే ఎనిమిది వందల పౌండ్లు. ముసలాయన పిచ్చివాడిలాగా ఏడుస్తున్నాడు. సొరచేపలు ఇంకా చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి.

స్ట్రేటర్ చేప సగం పోతే పోయింది ఒక ఫోటో, ఒక రికార్డు, కొంత స్నేహం. ఈ ముసలాయన చేప సగం పోతే పోయింది బియ్యం, నూనె, గుడ్డ. కళ్ళాల్లో ధాన్యం కుప్ప వేసిన రాత్రి వాన వస్తే మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు. తుపాకి పట్టుకుని సొరచేపల మీద పేల్చినవాడికి ఈ రెండు సగాల తేడా తెలిసి రావడానికి, దాన్ని పుస్తకంగా రాయడానికి, ఇంకో పదిహేనేళ్ళు పట్టింది.

ఆ పదిహేనేళ్ళూ ఊరికే పోలేదు. స్పెయిన్ అంతర్యుద్ధం చూసివచ్చాడు. మూడో పెళ్ళి, నాలుగో పెళ్ళి. హవానా దగ్గర ఫింకా విహియా అనే తోట కొని అక్కడ స్థిరపడ్డాడు. 1939లో న్యూయార్క్ మ్యూజియంలో పుట్టిన అంతర్జాతీయ గాలపువేట సంఘానికి మరుసటి ఏడాది ఉపాధ్యక్షుడయ్యాడు. రెండో ప్రపంచయుద్ధంలో పిలార్‌లో బాంబులు పెట్టుకుని జర్మన్ జలాంతర్గాముల కోసం గాలించాడు. ఒక్కటీ మునగలేదు. జో రసెల్ 1941లో హెమింగ్వేను చూసి చేపలు పట్టడానికి హవానా వచ్చి, అక్కడే గుండె ఆగి చనిపోయాడు. 1950లో వచ్చిన నవలను విమర్శకులు చీల్చి చెండాడారు. ఇక ఈయన పని అయిపోయిందన్నారు.

1951 మొదట్లో, పడవల ఊరు కోహీమార్‌ను కథాస్థలంగా పెట్టుకుని, ఎనిమిది వారాల్లో ముసలి జాలరి కథ రాసేశాడు. అందులో కిరాయిదారు లేడు. కుర్చీ లేదు, రీలు లేదు, ఇంజను కూడా లేదు. ముసలాయన, తాడు, చేతిలో కోతలు. తాడు వీపు మీదుగా వేసుకుని బరువు ఎలా ఆపాలో, ఎడమచేయి కొంకర్లు పోతే ఏం చేయాలో, పచ్చిచేప ముక్క ఎలా నమలాలో, ఇదంతా కార్లోస్ లాంటి జాలర్ల దగ్గర నేర్చుకున్న పాఠమే. 1952 సెప్టెంబరులో ఒక వారపత్రిక కథనంతా ఒకే సంచికలో వేస్తే రెండు రోజుల్లో యాభై లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. 1953లో పులిట్జర్ బహుమతి. 1954లో నోబెల్. ఆ జనవరిలోనే ఆఫ్రికాలో రెండు రోజుల్లో రెండు విమాన ప్రమాదాలకు గురై ఒళ్ళంతా దెబ్బతిని ఉండడంతో స్టాక్‌హోం పోలేకపోయాడు. బంగారు పతకాన్ని క్యూబాలో ఎల్ కోబ్రే మాతకు సమర్పించాడు.

చివరి సంవత్సరాలు విషాదం. 1960లో క్యూబా వదిలాడు. మతి స్థిమితం తప్పింది. ఆస్పత్రిలో విద్యుత్ చికిత్స చేస్తే జ్ఞాపకం దెబ్బతింది. 1961 జులై 2న, ఐడహో రాష్ట్రంలోని కెచమ్‌లో తన ఇంట్లో, తన తుపాకితోనే ప్రాణం తీసుకున్నాడు. ఆయనకు గాలం పట్టడం నేర్పిన తండ్రి కూడా 1928లో అలాగే పోయాడు.

పిలార్ ఇప్పుడు ఫింకా విహియా తోటలో, ఒకప్పుడు టెన్నిస్ ఆడిన చోట, నీళ్ళు లేకుండా నిలబడి ఉంది. దాన్ని ఆయన చాలా ఏళ్ళు సరంగుగా ఉన్న గ్రెగోరియో ఫ్యుయెంటిస్‌కు వదిలిపోయాడు. ఆయన దాన్ని క్యూబా ప్రభుత్వానికి ఇచ్చి, 2002లో నూటనాలుగేళ్ళ వయసులో కన్నుమూశాడు. కోహీమార్ జాలర్లకు హెమింగ్వే చనిపోయాక ఒక విగ్రహం పెట్టాలనిపించింది. లోహం కొనే స్తోమతు లేదు. ఎవరి పడవలోంచి వాళ్ళు పాత ప్రొపెల్లర్లు, ఇత్తడి సామాన్లు ఊడదీసి తెచ్చి పోశారు. వాటిని కరిగించి పోతపోసిన ఆ తల 1962 నుంచి రేవు దగ్గర నీళ్ళవైపు చూస్తూ ఉంది.